క్యాసెట్ అయిపోయిందని చెప్పాను

పదిహేడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పడానికి రెండు క్షణాలు కూడా పట్టని అబద్ధం. నా భార్యకు చెప్పలేదు. ఎవరికి చెప్పాలో వాడికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి, మీకు చెప్పడం కొంచెం సులువుగా ఉంది.

నేను పెద్దగా చదువుకోలేదు. పదో తరగతి తప్పాను. మేస్త్రీల వెంట తిరిగి లెక్క నేర్చుకున్నాను. గోడను చూసి ఎన్ని ఇటుకలు పడతాయో చెప్పగలను, చెప్పినదానికి పదో పదిహేనో తేడా వస్తుంది, అంతే. మదనపల్లెలో నా మాటమీద ఇళ్లు లేచాయి. గొప్పకు చెప్పడం లేదు. నా నోటినుంచి వచ్చిన అంకెను ఎవరూ తిరిగి చూసుకోరని మీకు తెలియాలి. నేను చేసిన పని ఆ నమ్మకం వల్లే సాగింది.

మునిరాజు నా స్నేహితుడు. అప్పట్లో మదనపల్లెలో పెళ్లి వీడియోలు తీసేవాడు. చుట్టరికం లేకపోయినా నన్ను మామా అనేవాడు. పాత డిజిటల్ వీడియో కెమెరా ఒకటి సంపాదించి, దాంతోనే రెండు గంటల సినిమా తీస్తానన్నాడు. కరువులో తన మందను ఒక్కొక్కటిగా పోగొట్టుకునే ముసలావిడ కథ. నటులు లేరు. పుంగనూరు అవతల ఒక పల్లెలో నిజంగా గొర్రెలు మేపే చెంగమ్మనే అడిగాడు. ఆమె మొదట నవ్వింది, తర్వాత ఒప్పుకుంది.

నా పని లెక్క. ఆ కెమెరాలోకి గంటసేపు నడిచే చిన్న క్యాసెట్ పట్టేది. ఎంత టేపు మిగిలిందో తెరమీద చూపించాలి గానీ, ఆ కెమెరా తప్పు చూపించేది. అందుకని ప్రతి షాట్‌కూ నేను గడియారం చూసి పుస్తకంలో రాసుకునేవాణ్ని. మునిరాజు తెరను నమ్మడం మానేసి నా పుస్తకాన్నే నమ్మేవాడు.

ఆ సినిమాలో నాదంటూ ఒక్కటే ఉండేది. చివరి సీను. సాయంత్రం గొర్రెలు దొడ్డిలోకి వస్తుంటే ముసలావిడ పైకి లెక్కపెడుతుంది. ముప్పై ఎనిమిది ఉండాలి. ముప్పై ఏడు దగ్గర ఆగిపోతుంది. సినిమా అక్కడ అయిపోతుంది. అది నేను చెప్పిన ఆలోచన. మునిరాజు బాగుందన్నాడు. ఆ రాత్రి మా ఆవిడతో, అందులో ఆ ముప్పై ఎనిమిది నాది అని చెప్పుకున్నాను. ఒక అంకె మీద అంత ఆశ పెట్టుకుంటారా ఎవరైనా? నేను పెట్టుకున్నాను.

ఆ సీను తీసే రోజు చెంగమ్మ లెక్కపెట్టనంది.

"జీవాల్ని నోరిడిసి లెక్కబెట్టగూడదప్పా. తగ్గిపోతాయి. మా అత్త గూడా ఏ పొద్దూ లెక్కబెట్టలే."

"మరి ఒకటి తక్కువైతే నీకెట్లా తెలుస్తాది అవ్వా?" అన్నాను.

"నీ ఇంట్లో బిడ్డ అన్నానికి రాకుంటే, సేతి ఏళ్లు మడిసి లెక్కబెట్టినాకనే తెలుస్తాదా నీకు?"

మైకు పట్టుకున్నతను పకపకా నవ్వాడు. మునిరాజు నవ్వలేదు. ఆమెనే చూస్తూ అడిగాడు.

"మల్ల ఏం జేస్తావవ్వా రోజూ?"

"పేర్లు పెట్టి పిలుస్తా. పిలిస్తే వస్తాయి."

"అట్లనే సెయ్యవ్వా. లెక్క వద్దు." నావైపు తిరిగాడు. "మామా, నీ ముప్పై ఎనిమిదినీ నీ పుస్తకంలోనే కట్టేసుకో. దొడ్లోకి తోలొద్దు."

ఈసారి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడు ఎగతాళికి అనలేదు. సినిమా దొరికిన సంతోషంలో అన్నాడు. అది నాకు అప్పుడే తెలుసు.

గొర్రెలు ఇంకా గుట్ట దిగుతున్నాయి. పావుగంట పట్టింది. కోపంలో నోరు జారిందని చెప్పుకోవడానికి నాకు వీలు లేకుండా చేసింది ఆ పావుగంటే. అంతసేపూ పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాతిమీద కూర్చున్నాను. నలభై ఎనిమిది నిమిషాలు అయ్యాయి, పన్నెండు మిగిలాయి. మూడుసార్లు కూడి చూశాను.

"ఎంత ఉండాది మామా టేపు?" అన్నాడు మునిరాజు, కెమెరా భుజానికి ఎత్తుకుంటూ.

"లేదప్పా. క్యాసెట్ అయిపోయింది."

"అయిపోయిందా? ఒక పది నిమిషాలన్నా ఉంటాదనుకున్నా."

"ఒక్క నిమిషం గూడా రాదు."

అని ఊరుకోలేదు. కెమెరా తీసుకుని క్యాసెట్ బయటికి తీశాను. దాని అంచున చిన్న మీట ఉంటుంది. పక్కకు జరిపితే ఇంక దానిమీద ఏదీ రికార్డు కాదు. జరిపాను. డబ్బాలో పెట్టి మూతేశాను. నోరు చేసిన తప్పుకు చేయి కూడా తోడు వెళ్లింది.

గొర్రెలు వచ్చాయి. వాటికి మా సంగతి తెలియదు కదా. చెంగమ్మ కంపతడిక పక్కకు లాగి నిలబడి పిలవడం మొదలుపెట్టింది. మచ్చలదానా, బొల్లీ, కుంటిదానా, గంగిరాలా. ఒక్కో పేరుకు ఒక్కో గొంతు. ఒకదాన్ని తిట్టింది, ఒకదాన్ని బతిమాలింది. ప్రతిదాని వీపు మీదా చెయ్యి పెట్టి లోపలికి పంపింది. అన్నీ లోపలికి పోయాక, సుక్కా అని పిలిచింది. ఏదీ రాలేదు. మళ్లీ పిలిచింది. గుట్టవైపు చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత తనే తడిక మూసింది. ఆ సుక్క అంతకు పదిహేను రోజుల ముందే చచ్చిపోయిందని మాకు తర్వాత తెలిసింది. ఆమెకు అలా చేయమని ఎవరూ చెప్పలేదు.

గడియారం చూశాను. అలవాటు. ఎనిమిది నిమిషాలు. పన్నెండులో ఇంకా నాలుగు మిగిలేవి.

మునిరాజు ఖాళీ కెమెరా పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. "నాదే తప్పు మామా. రెండో క్యాసెట్ టేబుల్ మీదనే మర్సిపోయి వస్తిని," అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఇంకా వెలుగుంది. గొర్రెలను బయటికి తోలి మళ్లీ పిలిపించుకునేవాడేమో. "పోనీలే, రేపు తీద్దాం," అన్నాను. రేపటికల్లా ఆమెను లెక్కకు ఒప్పించవచ్చని నా మనసులో ఒక మూల ఉండింది. ఇదీ ఒప్పుకోవాలి.

మరునాడు రెండు క్యాసెట్లతో వెళ్లాం. ఆమె అవే పేర్లు చెప్పింది. పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది. నాలుగుసార్లు తీశాక ఆమే ఆపేసింది. "నిన్న వాటిని పిలిసినానప్పా. ఈ పొద్దు నీ కెమెరాకు సెప్తాండా," అంది. ఆ ఏడు వానలు లేవు. ఆమె కొడుకులు మందను అమ్మేశారు. ఇంకొకరి గొర్రెలతో తీద్దామంటే ఒప్పుకోలేదు. రెండేళ్లకు చనిపోయింది. సినిమాకు చివర లేకుండా పోయింది. మునిరాజు దాన్ని ఎవరికీ చూపించలేదు, ఇంకో సినిమా తీయలేదు. కుప్పం వెళ్లి ఫొటో స్టూడియో పెట్టుకున్నాడు.

ఇదంతా నా ఒక్క మాట వల్లే జరిగిందా? ఆ సీను దొరికినా సినిమా పూర్తయ్యేది కాదేమో. పూర్తయినా ఎవరూ చూసేవాళ్లు కాదేమో. ఇలాంటి ఏమోలను చాలా ఏళ్లు కూడుతూ వచ్చాను. ఎన్ని కలిపినా నా మాట చెరగలేదు. క్యాసెట్లు వాడి దగ్గరే ఉన్నాయి. చివర ఖాళీ టేపు ఉందని ఎప్పుడైనా చూసినా నన్ను అనుమానించడు. టేపునే అనుమానిస్తాడు. దొరికిపోతానన్న భయం నాకు ఎన్నడూ లేదు. ఎప్పటికీ దొరకనన్నదే భయం.

పోయిన నెల ఒక ఇంటి కొలతలకని కుప్పం వెళ్లి వాడి స్టూడియోలో కూర్చున్నాను. ఫోనుతో సినిమా తీస్తామని గుడుపల్లె నుంచి ఇద్దరు పిల్లలు సలహా కోసం వచ్చారు, ఒక ఆడపిల్లా, ఆమె అన్నా. మునిరాజు వాళ్లకు మొదట చెప్పిన మాట ఇది. "స్పేర్ లేకుండా షూటింగ్‌కు పోవద్దండమ్మా. నేను క్యాసెట్ మర్సిపోయి సినిమానే సంపుకున్నా. కావాలంటే మా మామను అడగండి, నిమిషాలతో సహా సెప్తాడు."

ఇద్దరూ నావైపు చూశారు.

"అవును," అన్నాను.

మొదటిసారి అబద్ధానికి రోషం కారణమని చెప్పుకోవచ్చు. ఈసారి ఏం చెప్పుకోను? ఇన్నేళ్లూ వాడు ఆ మాట ఎంతమందికి చెప్పుకుని ఉంటాడో నాకు తెలియదు. ఆ లెక్క మాత్రం నేను వేయలేను.

ఈ కాగితాలు అచ్చుకు పంపేముందు కుప్పం తీసుకెళ్లి వాడి చేతికిస్తాను. చదివి ఏమంటాడో తెలియదు. ఏమీ అనకుండా వెనక్కి ఇచ్చేసినా ఇచ్చేస్తాడు. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. కానీ మళ్లీ ఎవరైనా పిల్లలు వస్తే, సినిమాను చంపుకున్నానని వాడు తనను తాను నిందించుకోనక్కర లేదు. వాడు రెండో క్యాసెట్ మరిచిపోయాడు, నిజమే. ఆ సాయంత్రం దాని అవసరమే లేదు.