మూడో నంబరు ప్యానెల్‌లో వేడి

ముప్పై ఏళ్లకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా దాటవేశాను. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అదే నా ధైర్యం.

ఎనభైల మధ్యలో సంగతి. వలసొచ్చిన తెలుగువాళ్లుండే కామాటిపురలో, గదికో కాపురం ఉండే చాల్‌లో మా ఇల్లు. ప్లాస్టిక్ బకెట్లు పోతపోసే ఫ్యాక్టరీలో నేను టెంపరరీ ఎలక్ట్రీషియన్ని. ఆ పని ఇప్పించింది మా పక్క గదిలో ఉండే నర్సయ్య మేస్త్రి. మామా అని పిలిచేవాణ్ణి. ఆయన రోజూ పొద్దున్నే ప్రతి కరెంటు ప్యానెల్ తలుపుకూ చెయ్యి ఆనించి చూసేవాడు. అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు. షాక్ కొడితే వేళ్లు ముడుచుకుని అరచెయ్యి ఇనుమును పట్టేసుకుంటుంది. వెనకవైపు ఆనిస్తే ఆ భయం లేదు. ఆ వేడిని బట్టే, ప్యానెల్ లోపల బోల్టు వదులైందని చెప్పేవాడు. మేనేజరు కూడా ఆ చేతికి ఎదురు చెప్పేవాడు కాదు.

ఆ ఏడు బయటి కంపెనీ ఇంజనీరు ఒకాయన వేడిని చూసే కెమెరా తెచ్చాడు. దాన్ని చల్లబరచడానికి ఫ్లాస్కులోంచి ఏదో పోస్తే తెల్లటి పొగ వచ్చింది. వేడెక్కిన చోటు తెరమీద తెల్లగా మెరుస్తుందట. అందరూ వింతగా చూశారు. నేను మాత్రం జనం వెనక్కి జరిగాను. మూడో నంబరు మిషన్ ప్యానెల్‌లో ఒక కేబుల్ బిగించింది నేనే. తొందరలో దాని కొన గీకి శుభ్రం చెయ్యలేదు, బోల్టు సగమే తిప్పాను. నన్ను పర్మనెంటు చెయ్యాల్సింది ఆ నెలలోనే. మేస్త్రి ఆ ప్యానెల్ వేడిగా ఉందని రెండు రోజులుగా అంటున్నాడు. కెమెరాతోనే తేల్చుకుందామన్నాడు మేనేజరు.

ఏం చేశాను? కెమెరా ఆ ప్యానెల్ దాకా రావడానికి చాలా ముందే, అచ్చు మార్చాలని ఆపరేటరుకు అబద్ధం చెప్పి ఆ మిషన్‌కు కరెంటు తీసేశాను. కరెంటు పారకపోతే జాయింటు వేడెక్కదు. ఇంజనీరు లోడ్ ఉందా, మిషన్‌కు కరెంటు పారుతోందా అని అడిగితే ఉందని తల ఊపాను. తెరమీద ప్యానెల్ అంతా నల్లగా కనిపించింది. మేస్త్రికి వయసైపోయిందని మేనేజరు అందరి ముందూ నవ్వాడు.

అంతవరకే అయితే భయపడ్డానని సర్దిచెప్పుకునేవాణ్ణేమో. అసలు తప్పు మధ్యాహ్నం చేశాను. అప్పటికి మిషన్ మళ్లీ నడుస్తోంది. మేస్త్రి ఒక్కడే వచ్చి ఆ తలుపుకు చెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"నాకైతే గరమ్‌గనే తగులుతుందిరా. కెమెరా లేదంటుంది. నువ్వు చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టాను. వేడి వేళ్ల కణుపులకు తెలుస్తూనే ఉంది.

"సల్లగనే ఉంది మామా."

"అట్లనా," అన్నాడు. "అయితే నా చెయ్యే ఖరాబైంది."

నన్ను అనుమానించనైనా లేదు. అనుమానించి ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేదో!

ఆ వారం సెలవు రోజున ఏదో వంకతో వెళ్లి ఆ జాయింటు గీకి, గట్టిగా బిగించాను. పెద్ద ప్రమాదం తప్పించానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. నిజంగా ప్రమాదం గురించే వెళ్లానా? లేక ఆయన మాట నిజమని చూపగల ఒక్క సాక్ష్యాన్నీ మాయం చెయ్యడానికా? ఇన్నేళ్లుగా అడుగుతున్నాను, రెండోదేనని ఒప్పుకోవడానికి ఇంతకాలం పట్టింది. నన్ను పర్మనెంటు చేశారు. మేస్త్రి తనే అడిగి స్టోర్స్‌కు మారిపోయాడు. మళ్లీ ఏ ప్యానెల్‌నూ తాకలేదు. ఇంట్లో భార్య చాయ్ గ్లాసు అందిస్తే, కాలుతుందా అని ఆమెనే అడిగి పుచ్చుకునేవాడు. గోడ ఇవతల నుంచి ఆ ప్రశ్న నాకు రోజూ వినబడేది.

చివరికి మహబూబ్‌నగర్ దగ్గర సొంతూరికి వెళ్లి అక్కడే పోయాడు. నేను వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

ఇది రాస్తుంటే ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. ఆయనకు చెప్పకుండా మీకు చెప్పి తేలికపడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది. అయినా తేలికగానే ఉంది, దాచను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆయన నన్ను అడిగిన రోజే చెప్పాల్సిన రెండు ముక్కలు ఉన్నాయి, వాటిని ఇక్కడ పెట్టి లేస్తాను.

గరమ్‌గనే ఉండె మామా. నీ చెయ్యి మంచిగనే ఉండె.