పారిస్ కోసం కొన్న స్వెటర్

నా బతుకులో నేను చేసిన బేరాలన్నింటిలోకీ ఘోరమైనది కాలేజీ బేరం. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఇంటర్ అయిపోయిన ఆ ఎండాకాలమంతా నేను పారిస్‌లోనే ఉన్నాను. ఒళ్లు మాత్రం ఉట్నూర్‌లో, బాపు నడిపే జీపు ముందు సీట్లో ఉండేది. ఆసిఫాబాద్ దారిలో టేకుచెట్ల మీద మెల్లగా మంచు కురిసేది, నాకొక్కదానికే. వెనక సీట్లో ఎవరిదో మేక అరిచేదాకా కురుస్తూనే ఉండేది.

హైదరాబాద్‌లో రెండు కాలేజీల్లో సీటొచ్చింది. ఒకదాంట్లో ఫ్రెంచ్, రెండోదాంట్లో భాషాశాస్త్రం. కిలో వంకాయలకు కొత్తిమీర కొసరు పడనిదే అంగడి నుంచి కదలని వంశం మాది. అమ్మకు అదే లెక్క చెప్పాను.

"అవ్వా, గా కాలేజీల ఒక్క ఫ్రెంచే చెప్తరు. గీ కాలేజీల భాషల శాస్త్రమే చెప్తరు. అంటే అన్ని భాషలొస్తయి!"

"మరి ఫ్రెంచి?"

"అది కొసరు!"

"ఇంకేం ఫికరు? గదే తీసుకో."

బాపు తల గోక్కున్నాడు. "జర ఎవలనన్న అడుగరాదు బిడ్డా?"

"గింత చదువుకొని ఒకలను అడుగుడా?"

అడిగి ఉంటే మీకీ కథ లేదు. మండుటెండలో అవ్వ ఆదిలాబాద్ పోయి, పారిస్ చలికని ఎర్రటి ఉన్ని స్వెటర్ కొనుక్కొచ్చింది. జీపెక్కిన ప్రతివాళ్లకూ బాపు "మా బిడ్డ పారిస్ పోతది" అని చెప్పాడు. నేను కాదనలేదు.

మొదటిరోజే క్లాసులో లేచి అడిగాను. "మేడం, ఫ్రెంచ్ ఎప్పుడు మొదలుపెడతారు?"

"ఇక్కడ భాషలు నేర్పమమ్మా. భాష ఎలా పనిచేస్తుందో చదువుతాం."

క్లాసంతా నవ్వింది. ఫ్రెంచ్ సీటు అప్పటికే వేరేవాళ్లకు పోయింది. కొసరుకు చెయ్యి చాపితే వంకాయలే జారిపోయాయి! హాస్టల్‌లో ఎవరికీ వినబడకుండా నీళ్ల నల్లా విప్పి మరీ ఏడ్చాను. స్వెటర్ పెట్టె అడుగుకు చేరింది.

చలికాలంలో మేడం అన్నారు: "ఒక ఊరికి పోయి, అక్కడివాళ్ల మాట రికార్డు చేసుకొద్దాం."

నా మనసు అప్పుడే విమానమెక్కింది. "ఎక్కడికి మేడం?"

"ఉట్నూర్ దగ్గర గోండు గూడేనికి."

తెల్లవారుతూనే ఉట్నూర్‌లో బస్సు దిగాం. ఎదురుగా బాపు జీపు. ఆయన నన్ను చూశాడు, మేడాన్ని చూశాడు.

"బిడ్డా, పారిస్ గింత జల్ది వచ్చిందా?"

పళ్లు టకటకలాడుతుంటే పెట్టె అడుగునున్న స్వెటర్ తీసి తొడుక్కున్నాను.

గూడెంలో ఒక ముసలమ్మ నన్ను మంట పక్కన కూచోబెట్టుకుని గోండిలో ఏదో చెప్పసాగింది. చిన్నప్పటి నుంచి జీపు వెనక సీట్లోంచి వింటున్న మాటలే. ఒక్కదానికైనా అర్థం అడగలేదు. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. మంట పొగ టేకుచెట్ల మీద తెల్లగా పరుచుకుంటే, ఒట్టు, నాకది మంచులాగే కనిపించింది. ఈసారి మేక అరిచినా చెదరలేదు.

ఇంటికి పోతే అవ్వ గడపలోనే అడిగింది. "ఫ్రెంచి వచ్చిందా?"

"రాలే."

"కొసరన్న ఇచ్చిండ్రా?"

"గోండి ఇస్తుండ్రు అవ్వా."

అవ్వ ముక్కున వేలేసుకుంది. "గది పక్కింట్ల పైస లేకుంట ఊకెనే ఇస్తుండిరి గదనే!"

అందుకే ఉట్నూర్ చలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ చదువు దగ్గర కొసరు అడగను. వంకాయల సంగతి వేరు.