ఖాళీగా ఉంచిన మెట్లు

“...చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోనట్టుంది బావా మీ వ్యవహారం! చెరువుకేం పోయింది? కంపు మనకి.”

“నోరు కాస్త అదుపులో పెట్టుకో. బేరం కూర్చుని ఉంది.”

బేరం అంటే వ్యాను డ్రైవరు. తన వ్యాను సీటు కొత్త తొడుగు కోసం బల్ల మీద వెల్లకిలా పడి ఉంటే, దాని పక్కనే స్టూలు వేసుకుని టీ తాగుతున్నాడు.

“నాదేముంది, కానివ్వండి,” అన్నాడతను. బావా బామ్మర్దుల తగువు ఊరికే దొరికితే ఎవరు వదులుకుంటారు?

మేస్త్రీ తల ఎత్తలేదు. దబ్బనం రెక్సిన్లో గుచ్చి, అవతలి నుంచి లాగి, మైనం పట్టించిన దారాన్ని రెండు చేతులా బిగించాడు. బామ్మర్ది గుమ్మంలో నిలబడే ఉన్నాడు. ఫుట్‌బాల్ మైదానంలో గేటు కాపలా అతని ఉద్యోగం. చొక్కా జేబు మీద క్లబ్బు ముద్ర ఉంది, సగం దారాలు లేచిపోయి.

“పోయిన ఆటకి క్లబ్బు యజమాని ఫొటోలు తీయించాడు బావా. కళ్ళారా చూశాను. ఎవడైనా ఆటని తీస్తాడు, లేదా జనాన్ని తీస్తాడు. వాడు పంపినవాడు పడమటి వైపు ఖాళీ మెట్లని తీశాడు. వంగి వంగి, పెళ్ళికూతుర్ని తీసినట్టు తీశాడు. ఎందుకంటావ్?”

“నీ యజమానినే అడుగు.”

“నా యజమానేంటి? నీ క్లబ్బుకి కాదా?”

“జీతం నీకిస్తున్నాడు. నాకు కాదు.”

 బామ్మర్ది కోసం పోసిన టీ బల్ల అంచున మీగడ కట్టింది. అతను టోపీ తలకి పెట్టుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

“కొంచెం గట్టిగానే తగిలినట్టుంది మేస్త్రీ,” అన్నాడు వ్యాను డ్రైవరు.

“సీటు సాయంత్రానికి అవుతుంది. తిరిగి రా.”

బండి సీట్లు కుట్టడం మేస్త్రీకి తండ్రి నేర్పిన పని కాదు. తండ్రి బస్సుల గ్యారేజీలో ఇంజన్ల కింద పడుకుని బతికినవాడు. కొడుకు నడుం నేలకి ఆనకుండా బతకాలని సీట్లు కుట్టేవాడి దగ్గర పనికి పెట్టాడు. ఆయన నేర్పింది ఒక్కటే: ఆదివారం మధ్యాహ్నం మైదానానికి వెళ్ళడం. పిల్లవాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తూర్పు మెట్ల మీద, ఇనప కమ్మీ పక్కన నిలబడేవాడు. గోలు పడితే కొడుకు ఉన్నాడన్న సంగతి మరిచి ఎగిరేవాడు. అలా ఒకసారి పిల్లవాడు కింద పడి పెదవి చిట్లింది. ఇంటికెళ్ళాక తల్లి అడిగితే, “గెలిచాం,” అన్నాడట. మేస్త్రీ పెళ్ళిలో మామగారు ఈ ముచ్చట విని, పిల్లనివ్వడానికి ముందే తెలిసి ఉంటే బాగుండేదన్నాడు.

తూర్పు మెట్ల మీద కుర్చీలు లేవు, అంకెలు లేవు. అయినా ఎవరి చోటు వాళ్ళదే. అక్కడ ఒక మర్యాద ఉంది. ఎవరైనా చనిపోతే, వాళ్ళు నిలబడే చోటుని ఒక సీజనంతా ఖాళీగా ఉంచుతారు. కిక్కిరిసిపోయినా, వాన కురిసినా సరే, అందులో కాలు పెట్టరు. తండ్రి పోయిన ఏడు మేస్త్రీ ఒక మెట్టు పైన నిలబడి, ఇనప కమ్మీ పక్కన ఆ మనిషంత ఖాళీని చూస్తూ ఆటలన్నీ చూశాడు. ఎవరో కొత్త మనిషి తోసుకుంటూ వచ్చి అందులో నిలబడబోతే, పక్కనున్న పోస్ట్‌మ్యాన్ చొక్కా పట్టుకుని ఆపాడు.

“ఖాళీయే కదండీ?”

“ఖాళీ కాదు బాబూ. మనిషిది.”

మరుసటి సీజను మొదటి ఆట నాడు మంగలిషాపు ఆయన మేస్త్రీ మోచెయ్యి పట్టుకుని కిందికి దింపి ఆ చోట్లో నిలబెట్టాడు. అప్పటి నుంచీ మేస్త్రీ అక్కడే. గట్టిగా అరిచే మనిషి కాదు. నోట్లో నోట్లో తిట్టుకునే రకం. గోలు పడితే మాత్రం కమ్మీ మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచేవాడు. అది విని చుట్టూ ఉన్నవాళ్ళు, “మేస్త్రీ కూడా ఒప్పుకున్నాడు, గోలే,” అనేవాళ్ళు.

క్లబ్బుని ఒకప్పుడు గ్యారేజీవాళ్ళూ బజారు వర్తకులూ కలిసి నడిపేవాళ్ళు. వాళ్ళు చేతులెత్తేశాక వేలం వేశారు. కోల్డ్ స్టోరేజీల వ్యాపారి పాడుకున్నాడు. పాడుకున్నవాడు కాబట్టి తూర్పు మెట్లవాళ్ళు ఆయనకి పాటగాడని పేరు పెట్టారు. మొదటి ఏడాది అందరితో చేతులు కలిపాడు. రెండో ఏడాది గోల్స్ కొట్టేవాణ్ణి అమ్మేశాడు. ఆ తర్వాత దిండుగలీబులు మార్చినట్టు కోచ్‌లని మార్చాడు. పడమటి కప్పు చిల్లులు పడితే బాగుచేయించలేదు, దాని కింద నిలబడడమే నిషేధించాడు. గడ్డికి నీళ్ళు మానేశాడు. టీము ఏటా ఒక మెట్టు జారి, ఇక జారడానికి మెట్టు లేని చోటికి చేరింది. ఉత్తరాలు రాశారు, నినాదాలు చేశారు, ఆయన కారుకి అడ్డం పడుకున్నారు. దున్నపోతు మీద వాన. మైదానం పైనున్న అద్దాల గదిలో ఆయన కుర్చీ మూడొంతుల ఆటలకి ఖాళీగానే ఉండేది.

బామ్మర్ది దుకాణానికి రావడానికి ముందు, మంగలిషాపులో తూర్పు మెట్లవాళ్ళ సంఘం కూడింది. షట్టరు సగం దించి, తిరిగే కుర్చీల్లో పెద్దవాళ్ళనీ బల్లల మీద మిగతావాళ్ళనీ సర్దారు. ఒకడు నల్లజెండాలన్నాడు. ఒకడు రాళ్ళన్నాడు. రాళ్ళన్నవాడికి పోస్ట్‌మ్యాన్ చీవాట్లు పెడుతుంటే, మూల నుంచి మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

“మనిషి పోతే చోటు ఖాళీగా ఉంచుతాం కదా,” అన్నాడు. “మనకి తెలిసిన మర్యాద అదొక్కటే. క్లబ్బు పోతోంది. ఈ ఆదివారం అందరి చోట్లూ ఖాళీగా ఉంచుదాం. ఒక్కరం కూడా లోపలికి వెళ్ళొద్దు. గోడ బయట నిలబడదాం. లోపల ఆ మెట్లు చూస్తే... ఎంతటి వాడికైనా తెలుస్తుంది.”

 మంగలిషాపు ఆయన భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, “మాటంటే ఇది,” అన్నాడు. చేతులన్నీ లేచాయి. తన మాటకి ఎవరైనా చెయ్యెత్తడం మేస్త్రీ బతుకులో అదే మొదలు. ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. చెప్పిందే మళ్ళీ చెప్పాడు. అందుకే బామ్మర్ది వచ్చి వద్దన్నప్పుడు ఆ మాట చెవికెక్కలేదు. చెవికెక్కినా, కిందికి దిగలేదు.

ఆదివారం గోడ బయట రోడ్డంతా జనం. ఏళ్ళ తరబడి ఆటకి రానివాళ్ళు కూడా వచ్చారు, భార్యల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని. ఎవరూ అరవలేదు. గేటు దగ్గర మడత కుర్చీలో బామ్మర్ది ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మేస్త్రీని చూసి, చూడనట్టు చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. రెండు పెద్ద కార్లు వచ్చాయి. గేటు తీశాడు, వేశాడు.

లోపల ఈల మోగింది. బంతిని తన్నిన చప్పుడు ఇంత విడిగా మేస్త్రీ ఎప్పుడూ వినలేదు. ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకోవడం వినపడింది. రెండో సగంలో ఒక్కసారిగా సన్నటి అరుపు, అయిదారుగురి గొంతులు. వెంటనే పొడవాటి ఈల.

“గోలు!” అన్నాడు పోస్ట్‌మ్యాన్, చెవి గోడకి ఆనించి.

“ఎవరిది?”

“గోడ చెప్పట్లేదు.”

నవ్వారు కొందరు. మేస్త్రీ అరచెయ్యి తెరుచుకుంది. చరవడానికి అక్కడేమీ లేదు. ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

పక్షం తిరక్కుండా పేపర్లో ఫొటో వచ్చింది. తూర్పు మెట్లు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా నున్నగా, బోసిగా. ఒక మూల ఇనప కమ్మీ. కింద ‘ప్రేక్షకులే కరువైన మైదానం’ అని రాశారు. ఆ రోజు కార్లలో వచ్చింది లీగు పెద్దలట. పాటగాడే పిలిచి అద్దాల గదిలో కూర్చోబెట్టాడట. జనం రాని మైదానాన్ని వదులుకునే హక్కు యజమానికి ఉందని వాళ్ళ నిబంధనల్లోనే ఉందట. అది కళ్ళతో చూసి వెళ్ళారు. వచ్చే సీజను నుంచి ఆటలు రేవు పట్నంలో, అద్దె మైదానంలో. ఇక్కడ కోల్డ్ స్టోరేజీ కడతారు.

మంగలిషాపు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని లీగు ఆఫీసుకి వెళ్ళాడు. తిరిగొచ్చి చెప్పాడు: “గోడ అవతల ఊరంతా ఉంది సార్ అన్నాను. గోడ అవతలి వాళ్ళని మేం లెక్కవెయ్యం అన్నాడు. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. మర్యాదస్తుడే.”

మేస్త్రీని ఎవరూ ఏమీ అనలేదు. అదే పెద్ద చిక్కయింది. రోడ్డు మీద ఎదురైతే మునుపటి కన్నా ఎక్కువ ఆప్యాయంగా పలకరించేవాళ్ళు, ఒంట్లో బాగోలేనివాణ్ణి పలకరించినట్టు.

ఒక సాయంత్రం బామ్మర్ది ఇంటికొచ్చాడు. అక్క మంచం మీది బట్టలు పక్కకి తోసి కూర్చోమంది.

“చెప్పానా లేదా అని అనను బావా,” అన్నాడు.

“అను.”

“అనను. అంటే నీకు హాయిగా ఉంటుంది. ఎందుకనాలి?”

“ఒరేయ్,” అంది అక్క.

“ఆ రోజు దుకాణంలో నేనన్న మాట...” అని మేస్త్రీ మొదలుపెట్టాడు.

“జీతం మాటా? నిజమే కదా. వాడి జీతమే తిన్నాను. ఇకముందూ తింటాను.” బామ్మర్ది టోపీ మోకాలికి తగిలించి తిప్పాడు. “కోల్డ్ స్టోరేజీకి కాపలా కావాలట. ఉండమన్నారు. గేటు అదే బావా. లోపల ఆటే ఉండదు. బంగాళాదుంపలుంటాయి. అవి ఓడిపోవు కాబట్టి తిట్టుకునే పని లేదు.”

అక్క నవ్వబోయి ఆగింది.

“గోలు ఎవరిది?” అన్నాడు మేస్త్రీ. పేపర్లో చూశాడు, తెలుసు. అయినా అడిగాడు.

“మనదే. ఎడమవైపు ఆడే కుర్రాడు. ఎన్ని నెలలకి పడింది! చేతులు చాపుకుని ఎప్పటిలాగే తూర్పు మెట్ల వైపు పరిగెత్తాడు. అలవాటు కదా. గీత దాకా వచ్చి ఆగాడు. మెట్లు చూశాడు. చేతులు దించి, నడుచుకుంటూ వెనక్కి వెళ్ళాడు. గేటు సందులోంచి చూశాను. పాటగాడి సంగతి నాకు తెలీదు బావా. ఆ ఖాళీ ఆ కుర్రాడికి మాత్రం బాగా తెలిసింది.”

మేస్త్రీ లేచి పెరటి వైపు వెళ్ళి కుళాయి తిప్పాడు. నీళ్ళు పడుతున్నాయి. చేతులు కడుక్కోలేదు.

“అందరూ చెయ్యెత్తారు కదండీ,” అంది భార్య గుమ్మంలోంచి. “తప్పు మీ ఒక్కరిదే ఎలా అవుతుంది?”

“ఎత్తించింది నేను.”

“మీరు చెప్పకపోతే ఇంకేదో సాకు చూసుకునేవాడు వాడు.”

“చూసుకోనివ్వాల్సింది. వాడే వెతుక్కోవాల్సింది. నేను చేతికిచ్చాను.”

ఆమె కుళాయి కట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆఖరి ఆట దగ్గర పడ్డాక సంఘం మళ్ళీ కూడింది. ఈసారి షట్టరు పూర్తిగా ఎత్తారు, మనుషులు షాపు మెట్ల దాకా నిలబడ్డారు. దాచడానికి ఇంకేమీ లేదు. మైదానం నిండాలని తీర్మానించారు, పడమటి వైపు కూడా, నిషేధమైనా సరే. డప్పులు తెస్తామన్నారు. రాళ్ళన్నవాడు ఈసారి పూలన్నాడు.

“చేతులు కాలాక ఆకులు,” అన్నాడు పోస్ట్‌మ్యాన్. “కానివ్వండి. ఆకులైనా పట్టుకుందాం.”

తర్వాత మంగలిషాపు ఆయన అసలు సంగతి ఎత్తాడు. వచ్చే సీజను రేవు పట్నానికి ప్రతి ఆటకీ ఒక బస్సు. పాత గ్యారేజీ డ్రైవరొకడు నడుపుతానని మాటిచ్చాడు. క్లబ్బు ఎక్కడుంటే మనం అక్కడే అన్నాడు. చేతులు లేవడం మొదలైంది. ఒకటీ, ఒకటీ, తర్వాత గుంపుగా. ఎత్తినవాళ్ళ మొహాల్లో ఉత్సాహం లేదు. రైలు దాటిపోయాక కూడా ప్లాట్‌ఫారం మీదే నిలబడినవాళ్ళలా ఉన్నారు.

“మేస్త్రీ, నీకు డ్రైవరు వెనక సీటు,” అన్నాడు మంగలిషాపు ఆయన. “కుట్లు ఊడిపోతే నువ్వే దిక్కు.”

కొందరు నవ్వారు. అందరూ మూల వైపు తిరిగారు. మేస్త్రీ లేచి నిలబడ్డాడు. అతను మాట్లాడతాడని చోటిచ్చినట్టు పక్కనున్నవాళ్ళు కొంచెం జరిగారు.

“నేను రావట్లేదు,” అన్నాడు. “ఆ మెట్లు ఖాళీ చేయించినవాణ్ణి నేను. బస్సుకీ రాను, ఆఖరి ఆటకీ రాను. ఇక ఏ ఆటకీ రాను.”