మావయ్య పోస్టరూ, నా నాలుగు శుక్రవారాలూ

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ కాలంలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. సౌదీలోని ఉనైజా ఊళ్ళో, ఆసుపత్రి నర్సుల హాస్టల్లో ఉండేదాన్ని. మా రాష్ట్రంలో అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. మా మావయ్యకి ఒక జాతీయ పార్టీ టిక్కెట్టు దొరికింది. ఆ పార్టీకి ఢిల్లీలో ఉన్న పెద్ద నాయకుడంటే జనానికి వల్లమాలిన అభిమానం. ఫోన్లో వచ్చిన మావయ్య పోస్టరంతా ఆయన మొహమే. కింద మూలన తపాలా బిళ్ళంత మావయ్య (అదీ కళ్ళు మూసుకుని). "గెలుపు ఖాయం!" అన్నాను. నా గదిలోనే ఉండే గుంటూరు అక్క నవ్వింది. "ఢిల్లీ ఎన్నికలకైతే ఆయన్ని చూసి వేస్తారే. అసెంబ్లీకి వీధి కుళాయి చూసి వేస్తారు." నాకు రోషం వచ్చింది. మావయ్య ఓడితే నెలరోజుల పాటు నా శుక్రవారం సెలవులన్నీ అక్కకిచ్చి, ఆవిడ డ్యూటీ నేను చేస్తానన్నాను.

అంతటితో ఊరుకున్నానా! డ్యూటీ దిగగానే ఊళ్ళో తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు. "మామ్మగారూ, అభ్యర్థి ఎవరని చూడకండి, ఆ పెద్దాయన మొహం చూసి వెయ్యండి!" అందరూ "అలాగే తల్లీ" అన్నారు. నా ప్రచారానికి నేనే మురిసిపోయాను.

మావయ్య చిత్తుగా ఓడిపోయాడు. ఫలితాలొచ్చిన సాయంత్రం మా వీధి మామ్మగారికి ఫోన్ చేసి నిలదీశాను. "నువ్వు చెప్పినట్టే వెతికానమ్మా. ఆ మిషను మీద పెద్దాయన బొమ్మే లేదు! మా కుళాయి బాగుచేయించినాయన బొమ్మ కనబడింది, పాపం తెలిసినవాడు కదా అని అది నొక్కాను" అంది.

భయపడుతూ మావయ్యకి చేశాను. తిట్టలేదు. "అందరికీ చేశావటగా! నా పేరు ఒక్కసారైనా చెప్పావుటే?" అన్నాడు. గుర్తు చేసుకుంటే, ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ మాటే ఒప్పుకున్నాను. ఆయన పకపకా నవ్వాడు. "పోన్లే, నా ఉపన్యాసాల్లో నేనూ చెప్పుకోలేదు."

నాలుగు శుక్రవారాలు ఇంజెక్షన్లిస్తూ గడిపాను. అక్క మాత్రం ప్రతివారం ఖర్జూరాల బజారుకెళ్ళి, నాకూ ఒక పొట్లం తెచ్చేది.

ఇప్పుడు సౌదీలోనే ఖోబర్‌లో ఉంటున్నాను. మొన్న మా అమ్మాయి స్కూలు పనికోసం, "అమ్మా, మీ ఊరి ఎమ్మెల్యే ఎవరు?" అని అడిగింది. కళ్ళజోడు సర్దుకుని ఢిల్లీ మంత్రుల పేర్లు గడగడా పది చెప్పాను. "అది కాదమ్మా..." అంది. నవ్వొచ్చింది. ఊళ్ళో ఉండే పిన్నిని అడిగి కనుక్కుందామని ఫోన్ అందుకున్నాను.