కుట్టుమిషన్ లేని ఇల్లు

మా బావది కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. దానికి జీతమిస్తారు. ఇంటికొచ్చి చేసే పనికి మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వరు, చెయ్యమని అడిగినవాళ్లూ లేరు. ఆయన బొమ్మల్లేని కంప్యూటర్ ఆటలు రాస్తాడు. "నువ్వు వరండాలో ఉన్నావు, తలుపు మూసి ఉంది" అని తెర చెబుతుంది. "తలుపు తెరువు" అని మనం టైప్ చెయ్యాలి. పోనీ నలుగురూ ఆడే రకంలో రాస్తాడా అంటే అదీ లేదు. కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ ఉంటుందట, వర్చువల్ మెషిన్ అంటాడు. ఆయన పట్టుకు వేలాడే మెషిన్‌ని వాడేవాళ్లు ప్రపంచం మొత్తం మీద ఓ ముప్పైమంది ఉంటారేమో. అందులో ఒకావిడ మా అక్క. పెళ్లి చేసుకుంది కనక తప్పలేదు.

ఆ మెషిన్‌లో ఒక ఆటకి రెండువందల యాభై అయిదు వస్తువులే పడతాయి. ఒక్కటి ఎక్కువైనా మొరాయిస్తుంది. ఈసారి బావ తాము కాపురం పెట్టిన మొదటి అద్దె ఇంటిని ఆటగా రాశాడు. విరిగిన కిటికీ రెక్క, సొట్టపోయిన గిన్నె, తన గొడుగు, చివర్లో బల్ల మీద తన మొదటి కంప్యూటర్. దాన్ని ఆన్ చేస్తే గెలిచినట్టు. ఆ ముప్పైమంది పెట్టుకునే పోటీకి ఆదివారంలోపు పంపాలి. మూడేళ్ల కష్టం అది.

ఎప్పట్లాగే అక్క ఆడి చూసింది. తప్పులేమీ లేవని చెప్పి లేచిపోయింది. తర్వాత రెండ్రోజులు అడిగినదానికి తప్ప నోరు విప్పలేదు. ఆడేవాళ్లు టైప్ చేసిన ప్రతి మాటా ఒక ఫైల్లో పడుతుంది. శనివారం పొద్దున బావ అది తెరిచాడు. ముందుగదిలో "కుట్టుమిషన్ చూడు" అని ఉంది. "అలాంటిదేమీ ఇక్కడ లేదు" అంది ఆట. వంటగదిలోనూ అదే, వరండాలోనూ అదే. మొత్తం ఏడుసార్లు.

తన కుట్టుమిషన్ని అమ్మేసి, ఆ డబ్బుతోనే అక్క ఆయనకి ఆ మొదటి కంప్యూటర్ కొనిపెట్టింది. మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకే గుర్తు రాలేదు. బావ ఫోన్ చేసి ఇదంతా చెబితే నాకు ఒళ్లు మండి దులిపేశాను.

ఆటలో కుట్టుమిషన్ పెడదామంటే రెండువందల యాభై అయిదూ నిండిపోయాయి, ఏదో ఒకటి తియ్యాలి. గొడుగు తీసినా సరిపోయేది. బావ కంప్యూటర్నే తీసేశాడు. ఆ రెండూ ఆ ఇంట్లో ఒక్కపూట కూడా కలిసి లేవన్నాడు. దాంతో ఆటకి ముగింపు పోయింది, పోటీ గడువూ దాటిపోయింది.

నెల తర్వాత అక్కని మళ్లీ తెర ముందు కూర్చోబెట్టాడు. నేనూ పక్కనే ఉన్నాను. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్ ఉంది. అక్క ఆ వాక్యాన్ని చాలాసేపు చూసి, "చొక్కా కుట్టు" అని టైప్ చేసింది. చొక్కా తయారైందని తెర చెప్పింది, ఆట ముగిసింది.

"తప్పుంది. దారం ఎక్కించకుండానే కుట్టేస్తోంది," అంది అక్క.

దారం అంటే ఇంకో వస్తువు. ఏం తీసెయ్యమంటావని బావ అడిగాడు. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మిషన్ అమ్మొద్దని మీరు ఒక్క మాట అంటారేమోనని ఆ రోజు సాయంత్రం దాకా చూశాను."

"అనాల్సింది," అన్నాడు బావ.

"సరే, ఆ గొడుగు తీసెయ్యండి," అని అక్క కుర్చీ ముందుకి లాక్కుంది.