పెట్టెలో మగ్గం

సాయంత్రం పిల్లల గదిలోంచి వేడెక్కిన ప్లాస్టిక్ వాసన రాగానే పరుగెత్తాను. ఇద్దరూ వాదించుకుంటూ, ప్లగ్గు తీయకుండానే వీడియో గేమ్ పెట్టె విప్పుతున్నారు.

"కొత్తగా వచ్చేదాంట్ల ఇంతకన్న పెద్ద ఫ్యానుంటది!"

"ఫ్యానే ఉండదు, గంత సల్లటి చిప్పు పెడ్తరట!"

తిట్టి స్క్రూడ్రైవర్ లాక్కున్నాను.

నా ఎనిమిదో ఏట కూడా అదే వాసన. మస్కట్‌లో ఉన్న చిన్నాయన కొత్త గేమ్ తెస్తానన్నాడు. "దాన్ల చిన్న మగ్గం ఉంటది, చిల్లుల అట్టలుంటయి" అన్నాను. మా బాపు నేసే చీరల అంచు మీదికి బొమ్మలు మగ్గం పైన తిరిగే చిల్లుల అట్టల వల్లే వచ్చేవి మరి.

"గేమ్‌ల మగ్గమేందే, పిచ్చిదానా!" అని అన్న నవ్వాడు.

రుజువు చూపిద్దామని వాడు అప్పుడే ఆడి వదిలేసిన, ఇంకా వేడిగా ఉన్న పాత గేమ్ విప్పాను. లోపల చిన్న ఆకుపచ్చ పలక తప్ప ఏమీ లేదు. అంతలో బాపు వచ్చాడు. దెబ్బలు తప్పవనుకున్నాను. ఆయన ఆ పలకను వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు.

"గింత ముక్కల గన్ని బొమ్మలా! నేసినోడు ఎంత పనిమంతుడో బిడ్డా!"

తొలినాటి కంప్యూటర్లు మగ్గం అట్టల్లాంటి చిల్లుల అట్టలతోనే నడిచాయని కాలేజీలో చదివినప్పుడు నాకు బాపే గుర్తొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే, లాక్కున్న స్క్రూడ్రైవర్‌ను మళ్లీ పిల్లల చేతికిచ్చాను.

"ముందుగాల ప్లగ్గు తీయుండ్రి. తర్వాత నన్ను పిలువుండ్రి. నాకు సుత చూడాలనున్నది."