అత్త ఎండబెట్టి వెళ్ళిన ఆవకాయ

మా పక్కింటి అత్త పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను విజయనగరం నుంచి వచ్చే బస్సులో ఉన్నాను. ఇంకా నెల్లిమర్ల రాలేదు. "పొద్దున డాబా మీద ఆవకాయ ముక్కలు ఆరేసి దిగినాదట, మంచినీళ్ళు తాగి కుర్సీలో కూకున్నాదట. అంతే," అన్నాడు మా ఆయన. మాట పూర్తి కాకుండానే అదే ఫోన్లోకి మెసేజ్ వచ్చింది, పిడుగులతో వాన పడే అవకాశం ఉంది, జాగ్రత్త అని. కిటికీలోంచి చూస్తే పడమటి ఆకాశం అప్పటికే నల్లబడింది.

అత్త అంటే వరసకే, మాకు చుట్టరికం ఏమీ లేదు. నేను గోదావరి వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని. కాపురానికి వచ్చిన కొత్తలో పలకరించడానికి వచ్చి, మా అమ్మ పెట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ మూత తీసి, పైన తేలే నూనె చూసింది. "ఏటే అమ్మీ ఇది? ముక్కలకి ఈత నేర్పుతన్నారా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిని ఏమన్నా పడొచ్చు గానీ అమ్మ పెట్టిన ఆవకాయని అంటే ఊరుకుంటామా? మీ ఆవకాయ చెప్పు తోలులా ఉంటుందట కదా అన్నాను. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోలేదు. "తోలే మరి. నమిల్తేనే కదా రుసి తెలుస్తాది. గుటుక్కున మింగీడానికి అదేటి, మందా?" అంది.

ఈ ప్రాంతంలో ఆవకాయ ఎండ చూడాల్సిందే. ఆవపిండి, కారం, ఉప్పు పట్టించి ఊరేసిన ముక్కల్ని జాడీలోంచి తీసి డాబా మీద ఆరేస్తారు. జాడీలో మిగిలిన ఊటకి కూడా గుడ్డ కట్టి ఆ ఎండలోనే పెడతారు. సాయంత్రం ముక్కలు మళ్ళీ ఊటలోకి వెళ్తాయి, పొద్దున మళ్ళీ ఎండలోకి వస్తాయి. ఊటంతా ముక్క తాగేసి ముడుచుకున్నాకే నూనె. దాని దగ్గర అత్త మహా కచ్చితం. "నూనె ముక్కకి బొట్టెట్టినట్టుండాల, తలంటు పోసినట్టు కాదు," అనేది.

ఆవిడకి దేని మీదైనా ఒక అభిప్రాయం ఉండేది, ఆవకాయ మీద మాత్రం చట్టమే ఉండేది. ఉప్పంటే నౌపడ నుంచి తెప్పించిన కల్లుప్పు, దాన్ని ఎండబెట్టి రోట్లో దంచాలి. కొట్లో అమ్మే ఆవకాయ పేరెత్తితే మొహం తిప్పుకునేది. నేను ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటుంటే చూసి, "ఆ పప్పేటి పాపం సేసినాది?" అని జాలిపడేది. ఆవిడ లెక్కలో ఆవకాయ తినడమంటే పొద్దున్నే సోడంబలి గ్లాసుతో పట్టుకుని, మధ్యమధ్యలో ముక్క కొరుక్కోవడం. మొదటిసారి మొహమాటానికి తాగాను. చల్లటి రాగి అంబలి పులుపు మీద ఆ ముక్క కారం, నమిలేకొద్దీ ఊరే ఆవ ఘాటు. తరవాత నుంచి పిలవకపోయినా వెళ్ళేదాన్ని. మా అమ్మకి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

కొత్తావకాయ గిన్నెలో వేసి పంపిన పూట ఆవిడ గోడవతల నిలబడే ఉండేది. "బాగున్నాదంటే సాలదు. ఏటి బాగున్నాదో సెప్పాల," అని అడిగేది. నాకేమో ప్రతిదానికీ భయం. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వచ్చే మనిషిని. ముక్కలు కలపడానికి నన్ను సాయం పిలిచినప్పుడల్లా, నా చెయ్యి తగిలి పాడైపోతే ఎలా అని వణికేదాన్ని. "భయమేస్తే భయపడు. సెయ్యి మాత్రం ఆపకు," అనేది. ఆ మాట నాకు ఆవకాయ దగ్గరే కాదు, ఆస్పత్రుల్లోనూ పిల్లల పరీక్షలప్పుడూ కూడా పనికొచ్చింది.

ఆ రోజు నేను వెళ్ళేసరికి అత్తని ముంగిట్లో పడుకోబెట్టారు. రాజాం నుంచి కూతురు వచ్చి తల దగ్గర ఏడుస్తోంది. మావయ్య అరుగు మీద కూర్చున్నాడు. ఆయన అత్త వైపు చూడటం లేదు, ఆకాశం వైపు చూస్తున్నాడు. నేను దగ్గరికి వెళితే చాలా మెల్లగా, ఎవరూ వినకూడదన్నట్టు, "అమ్మీ, డాబా మీద ముక్కలున్నాయి," అన్నాడు.

కూతురు విన్నది. "ఇప్పుడవేటి నాన్నా! మైల ఇంట్లో ఊరగాయ ఎవులు ముట్టుకుంతారు? అమ్మే పోయినాక అదెవులు తింతారు? ఒగ్గీ," అంది. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేమీ లేదు. మైల చేత్తో ముట్టుకుంటే ఊరగాయ బూజు పడుతుందని ఈ ఊళ్ళో అందరూ నమ్ముతారు. ఆ ఇంటివాళ్ళెవరూ ముట్టుకోరు. మావయ్య మళ్ళీ పైకే చూశాడు.

చుట్టాన్ని కాను కాబట్టి స్నానం చేస్తే నాకు మైల ఉండదు. ఇంటికి వెళ్ళి తలస్నానం చేశాను. మా డాబా మీంచి వాళ్ళ డాబా మీదకి ఒక్క అంగ. తడి జుట్టులోంచి ముక్కల మీద నీళ్ళు కారతాయేమోనని కొప్పు మీద తువ్వాలు బిగించుకుని దాటాను. పాత చీర మీద ముక్కలు వరసగా పరిచి ఉన్నాయి. చివరి వరస సగంలో ఆగిపోయి లేదు, నిండుగానే ఉంది. ఆవిడ పని ముగించే దిగింది. కింద ఏడుపులు వినిపిస్తున్నాయి. శవం ఇంకా లేవకుండానే పక్కింటావిడ ఊరగాయ ఎత్తుకుపోతోందని ఎవరైనా చూసి అనుకుంటే? ఆ భయం ఒకవైపు, ఉరుము ఒకవైపు. చీర నాలుగు కొసలూ పట్టుకుని ఒకసారి, ఊట జాడీ ఎత్తుకుని ఒకసారి, మా ఇంట్లోకి చేర్చాను. ఆ వెంటనే వాన దిగింది.

తరవాత రోజులన్నీ నాకు అదే ధ్యాస. ఎండ వస్తే ఆరేయడం, మబ్బు పడితే పరిగెత్తడం. మూత తీసి వాసన చూడటం, తెల్లగా ఏమైనా కనిపిస్తోందా అని టార్చి వేసి చూడటం. మా ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఇది పాడైతే ఇంకో ఏడాది చూసుకోవచ్చులే అనడానికి లేదు కదా. ముక్క వంగాలి, విరగకూడదు అని ఆవిడ చెప్పేది. రోజూ ఒక ముక్క వంచి చూసేదాన్ని. నూనె పోసే రోజున నా చెయ్యి పుట్టింటి అలవాటు చొప్పున గిన్నెని వంచబోయింది. గబుక్కున ఆపాను. చెంచాతో పోశాను. చాలదేమో అనిపించింది, ఎక్కువైందేమో అని కూడా అనిపించింది. అడగడానికి గోడవతల మనిషి లేదు. అప్పుడు వంటింట్లో కూర్చుని బాగా ఏడ్చాను.

పెద్దకర్మ అయ్యాక జాడీ పట్టుకెళ్ళాను. కూతురు వేడన్నం వడ్డించింది. జాడీ మూత తనే తీసి, పెద్ద ముక్క ఏరి తండ్రి కంచంలో వేసింది. మావయ్య కలుపుకున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆయన మొహంలో ఏమీ తెలియలేదు.

అన్నం అయిపోయింది. కూతురు మజ్జిగ పొయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కంచంలో చెయ్యి ఎండిపోతోంది. గుజ్జంతా ఎప్పుడో పోయి ఉంటుంది, అయినా టెంక ఉమ్మలేదు. దాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుంటూ, కళ్ళు మూసుకుని, అలా కూర్చునే ఉన్నాడు.